కృష్ణకు తైబందీ ఏది?

జూలై రాగానే తెలుగు పేపర్లలో ఒక చిన్న పెట్టె మొదలవుతుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల. ఒక్కోదాని ఎదురుగా పూర్తి మట్టం, ఇవాళ్టి మట్టం, వచ్చే నీరు, పోయే నీరు. శ్రీశైలం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు. కృష్ణ నీళ్ల మీద బతికే ఇళ్లలో ఈ రెండు అంకెలు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ఎగువన ఆల్మట్టి నిండిందని చదివితే, ఇక మన వంతు వస్తుందని ఆశ.

2023లో ఆ ఆశ తీరలేదు. శ్రీశైలం నిండలేదు, సాగర్ నిండలేదు. ఆ ఏడాది నవంబర్ 30న తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. సరిగ్గా ఆ తెల్లవారేసరికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీద ఉన్నారు. 26 గేట్లలో 13 తమవంటూ అడ్డంగా కంచె వేశారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి కేంద్రం జోక్యం చేసుకుని డ్యాం కాపలాను సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది.

ఆ వార్త చూసినప్పుడు చాలామందికి వచ్చిన సందేహమే నాకూ వచ్చింది. ట్రిబ్యునల్ తీర్పు ఉంది, పార్లమెంటు చేసిన చట్టం ఉంది, ఆ చట్టం కింద ఒక బోర్డు ఉంది, దాని పైన కేంద్రమంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చునే అపెక్స్ కౌన్సిల్ ఉంది. ఇన్ని ఉండగా తాగునీళ్ల కోసం అర్ధరాత్రి పోలీసులు ఎందుకు రావాల్సి వచ్చింది?

నాకు తోచిన జవాబు ఇది. కృష్ణ మీద మనం ఇన్నేళ్లుగా రాసుకున్న లెక్కలన్నీ నీళ్లు వచ్చిన ఏడాదికి సంబంధించినవి. రాని ఏడాది ఎవరు ఎంత తగ్గించుకోవాలి అన్న లెక్క ఎవరూ గట్టిగా రాయలేదు. రాసినచోట దాన్ని అమలు చేసే చెయ్యి లేదు.

మన ఊరి చెరువుల దగ్గర ఈ లోటు లేదు. తెలంగాణ పల్లెల్లో తైబందీ అనే మాట ఉంది. యాసంగి (రబీ) నాట్లకు ముందు రైతులు చెరువు దగ్గర కూర్చుని, నీళ్లెన్ని ఉన్నాయో చూసి, ఈసారి ఎన్ని ఎకరాలకు సరిపోతాయో తేల్చుకుంటారు. చెరువు సగమే ఉంటే ఆయకట్టులో సగమే తడుపుతారు. తూము దగ్గర పొలం ఉన్నవాడైనా, చివర ఉన్నవాడైనా తన భూమిలో కొంత బీడు పెట్టుకోవాలి. నిర్ణయం అయ్యాక తూము ఎత్తేదీ దించేదీ నీరటికాడు. రాయలసీమలో ఆ పని నీరుగంటిది. అతనికి ఊరంతా ధాన్యం కొలిచి ఇచ్చేది కాబట్టి ఒక్క ఆసామికి లోబడాల్సిన అవసరం తక్కువ. అన్ని ఊళ్లలో న్యాయంగా నడిచిందని చెప్పను, కులం బలం, భూమి బలం అక్కడా పనిచేశాయి. అయినా ఆ ఏర్పాటులో మూడు సంగతులు ఉన్నాయి: నీళ్లు కళ్లెదుట కనిపిస్తాయి, కొరతను అందరూ పంచుకుంటారు, తూము తాళం పంచుకునేవాళ్లలో ఎవరి జేబులోనూ ఉండదు.

ఈ మూడూ కృష్ణ దగ్గర ఎలా తప్పిపోయాయో చూడాలంటే బచావత్ ట్రిబ్యునల్ దగ్గర మొదలుపెట్టాలి.

కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల మీద కుండపోత వాన, అది దాటగానే వాననీడ. బీజాపూర్, రాయచూరు, మహబూబ్‌నగర్, కర్నూలు, అన్నీ మెట్ట ప్రాంతాలే. నదిలో నీళ్లు ఒకచోట పడతాయి, అవసరం ఇంకోచోట ఉంటుంది. పైగా ఏడాది నీళ్లలో ఎక్కువ భాగం మూడు నాలుగు నెలల్లోనే వచ్చేస్తుంది. ఇలాంటి నది మీద 1969లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు వచ్చింది, 1976లో గెజిట్‌కు ఎక్కింది. 1894 నుంచి 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలు తీసి, 75 శాతం నమ్మకంతో వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చారు. పొలాల నుంచి తిరిగి నదిలోకి ఊరే నీటిని కూడా కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 ఇచ్చారు.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజంతా ఆగకుండా 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పారితే ఒక టీఎంసీ అవుతుంది. వరికైతే సుమారు 6 వేల ఎకరాలకు, ఆరుతడి పంటలకైతే 10 వేల ఎకరాల దాకా వస్తుందని ఇంజినీర్లు లెక్క కడతారు. వార్తల్లో 45 టీఎంసీలు, 80 టీఎంసీలు అని విన్నప్పుడు దాని వెనక ఎన్ని ఊళ్లున్నాయో ఊహించుకోవాలి.

ఇక ఆ 75 శాతం నమ్మకం. దీన్నే అందరూ దాటేసి వెళ్తారు, నా దృష్టిలో మొత్తం కథ ఇక్కడే ఉంది. వందేళ్లలో 75 ఏళ్లు నదిలో 2,060 టీఎంసీలు, అంతకన్నా ఎక్కువ వస్తాయని దానర్థం. మరి మిగతా 25 ఏళ్లో? అప్పుడు అంత రాదు. ప్రతి నాలుగేళ్లలో ఒకటి కొరత ఏడాది అని తీర్పులోనే ఒప్పుకున్నట్టు. ఆ ఏడాది ఎగువ రాష్ట్రాలు తమ డ్యాములు తాము నింపుకుంటాయి, ఎందుకంటే నీళ్లు ముందు వాళ్ల దగ్గరికే వస్తాయి. తగ్గేదంతా దిగువనే తగ్గుతుంది. దానికి బదులుగా బచావత్ దిగువ రాష్ట్రానికి రెండు ఇచ్చారు. మంచి ఏడాది మిగులు నీళ్లు వాడుకోవచ్చు, కానీ హక్కు రాదు. శ్రీశైలం, సాగర్‌లలో 150 టీఎంసీల దాకా వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. ఇంజినీర్ల భాషలో దీన్ని క్యారీ ఓవర్ అంటారు. ఇంటి భాషలో చెప్పాలంటే గాదెలో విత్తనం గింజలు దాచుకోవడం.

బచావత్‌కు ఈ కొరత సంగతి తెలియక కాదు. ఆయన నివేదికలో స్కీం ఏ, స్కీం బి అని రెండు పద్ధతులు ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్నది స్కీం ఏ. స్కీం బి ప్రకారం కృష్ణా లోయకు ఒక అథారిటీ ఉంటుంది, ఏ ఏడాదికి ఆ ఏడాది వచ్చిన నీటిని బట్టి కొరతనైనా మిగులునైనా మూడు రాష్ట్రాలకు అది పంచుతుంది. ఒక రకంగా చూస్తే నది మొత్తానికి తైబందీ. కానీ దానికి మూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి, లేదా పార్లమెంటు చట్టం చేయాలి. రెండూ జరగలేదు. మిగులులో ఎగువ రాష్ట్రాలకూ వాటా వస్తుందన్న భయం మనవైపు ఉండేది. తర్వాత కర్ణాటక స్కీం బి అమలు చేయమని సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది తీర్పులో భాగం కాదు కాబట్టి అమలు చేయమని చెప్పలేమని 2000లో కోర్టు తేల్చింది. కరువు ఏడాదికి రక్షణ కావాలంటే మిగులులో కొంత వదులుకోవాలి. ఆ బేరాన్ని మనవాళ్లు ఆ రోజు వద్దనుకున్నారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అది మనకే నష్టమైందని నాకనిపిస్తుంది.

చట్టాల సంగతి క్లుప్తంగా. రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్రం జాబితాలో ఉంది. 1956లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. జల వివాదాల చట్టం గొడవ వచ్చాక తీర్పు చెప్పడానికి. నదీ బోర్డుల చట్టం గొడవ రాకముందే కలిసి నడుపుకోవడానికి. మొదటి దాని కింద ట్రిబ్యునళ్ల మీద ట్రిబ్యునళ్లు వచ్చాయి. రెండోదాని కింద ఇప్పటి వరకు ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. ఈ దేశంలో నదుల పాలన ఎటు ఒరిగిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ట్రిబ్యునల్ జస్టిస్ బ్రిజేష్ కుమార్ అధ్యక్షతన 2004లో ఏర్పడింది. 2010 డిసెంబర్‌లో తీర్పు, 2013 నవంబర్‌లో సవరణలతో తుది నివేదిక. ఇందులో 75 శాతం బదులు 65 శాతం నమ్మకం తీసుకున్నారు, అంతకు మించిన మిగులును కూడా పంచేశారు. మహారాష్ట్రకు 666, కర్ణాటకకు 907, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1,005 టీఎంసీలు. మనకు పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ 65 శాతం అంటే వందేళ్లలో 35 ఏళ్లు ఆ అంకె చేరదు. మిగులుకు వాటాదారులు వచ్చారు, ఆల్మట్టి ఎత్తు 519.6 మీటర్ల నుంచి 524.256కు పెంచుకోవచ్చన్నారు. నీళ్లు తగ్గిన ఏడాది ఆ భారం మళ్లీ దిగువకే. అందుకే ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 సెప్టెంబర్‌లో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఆ తీర్పు గెజిట్‌కు ఎక్కకుండా ఆగింది. ఆచరణలో మనం ఇంకా 1976లోనే ఉన్నాం.

2014లో రాష్ట్రం విడిపోవడంతో ఆ 811లో మళ్లీ పంపకం వచ్చింది. విభజన చట్టం కృష్ణా నదీ యాజమాన్య బోర్డును, అపెక్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసింది. ప్రాజెక్టుల వారీగా కేటాయింపులు, నీళ్లు తక్కువైనప్పుడు ప్రాజెక్టులు ఎలా నడపాలన్న నియమాలు బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునలే రాయాలని 89వ సెక్షన్‌లో పెట్టారు. అంటే కొరత లెక్క రాయాలని చట్టమే అడిగింది. ఆ లెక్క మాత్రం ఇన్నేళ్లయినా రాలేదు. ఆ లోగా 2015 జూన్‌లో ఢిల్లీలో కూర్చుని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. అది ఆ ఒక్క నీటి సంవత్సరానికి చేసుకున్న ఏర్పాటు. తర్వాత వచ్చిన నీటిని 66:34 చొప్పున పంచుకోవడం అలవాటైంది. తాత్కాలికంగా వేసిన పందిరి కింద ఇన్నేళ్లు కాపురం చేశాం.

తెలంగాణ వాదన బలమైనదే. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో దాదాపు మూడింట రెండు వంతులు తమ దగ్గర ఉంటే నీళ్లలో 37 శాతమేనా అని అడుగుతుంది. నది పక్కనే ఉన్న పాలమూరు, నల్లగొండ జిల్లాలు వలసలతో, ఫ్లోరైడ్‌తో పడిన కష్టం ఎవరూ కాదనలేరు. ఆంధ్రప్రదేశ్ వాదనా బలమైనదే. కృష్ణా డెల్టా ఆయకట్టు 1850లలో ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఉంది, 1960 సెప్టెంబర్ నాటికి వాడుకలో ఉన్న నీటిని కదపకూడదని బచావతే చెప్పారు, దాని మీద లక్షల కుటుంబాలు స్థిరపడ్డాయి. మరి రాయలసీమ? అక్కడి ప్రాజెక్టులు చాలావరకు మిగులు నీళ్ల మీద కట్టినవి, అంటే హక్కు లేని నీళ్ల మీద. ముగ్గురిదీ ఆకలే. ఈ మూడు న్యాయాల్లో ఏదో ఒకటి గెలవాలని కాకుండా, నీళ్లు తగ్గిన ఏడాది మూడింటికీ కనీసం ఎంత అన్నది ముందే రాసుకోవాలని అడిగేవాళ్లు తక్కువ.

గేట్ల సంగతికి వద్దాం. శ్రీశైలం డ్యాం ఆంధ్రప్రదేశ్ చేతిలో, సాగర్ డ్యాం తెలంగాణ చేతిలో ఉన్నాయి. శ్రీశైలం కుడి పవర్‌హౌస్ ఒకరిది, ఎడమ పవర్‌హౌస్ ఇంకొకరిది. శ్రీశైలంలో మట్టం 854 అడుగుల పైన ఉంటేనే పోతిరెడ్డిపాడు తూముల నుంచి రాయలసీమకు సరిగ్గా నీళ్లు వెళ్తాయి. కరెంటు కోసం మట్టం దించితే ఆ నీళ్లు సాగర్‌కు, అక్కడ కూడా కరెంటు తీస్తే పులిచింతలకు, అక్కడి నుంచి విజయవాడ ప్రకాశం బ్యారేజీకి పోతాయి. డెల్టాకు అవసరం లేని వేళ అయితే సముద్రానికి. 2021 జూన్, జూలైల్లో జరిగింది ఇదే. ఎడమ గట్టున తెలంగాణ పూర్తిస్థాయిలో కరెంటు తీసింది, ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది, ప్రాజెక్టుల దగ్గర పోలీసులు మోహరించారు. పక్కవాడు తోడుకుంటాడేమో అని నేనే ముందు తోడుకోవాలి. ఈ భయం ఉన్నంతకాలం 150 టీఎంసీల క్యారీ ఓవర్ కాగితం మీదే ఉంటుంది. పైగా గాదె కూడా చిన్నదవుతోంది: శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల 215 దగ్గరికి వచ్చింది.

బోర్డు ఏం చేస్తోంది? త్రిసభ్య కమిటీ ఉంది. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజినీర్-ఇన్-చీఫ్‌లు (ఈఎన్‌సీలు) కూర్చుంటారు. రాష్ట్రాలు తమకెంత నీరు కావాలో ఇండెంట్ పెడతాయి, కమిటీ నీటి విడుదల ఉత్తర్వు ఇస్తుంది. ఉత్తర్వు పాటించకపోతే బోర్డు ఉత్తరం రాయగలదు, అంతకు మించి చేతిలో ఏమీ లేదు. 2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చి ప్రాజెక్టులను అక్టోబర్ 14 నుంచి బోర్డు పరిధిలోకి తెస్తున్నట్టు ప్రకటించింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో బోర్డుకు 200 కోట్లు కట్టాలంది. తేదీ వచ్చింది, పోయింది, ప్రాజెక్టులు చేతులు మారలేదు. బోర్డు ఇంజినీర్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నీరటికాడిని పెట్టి, తూము తాళం మాత్రం ఆసాములు తమ దగ్గరే ఉంచుకుంటే అతను ఏం చేస్తాడు?

అసలు ఇలాంటి బోర్డు ఏదీ నడవదా అంటే, మన పక్కనే ఒకటి నడుస్తోంది. తుంగభద్ర బోర్డు 1953లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే పుట్టింది. డ్యాం, గేట్లు, ఉమ్మడి కాలువలు బోర్డు చేతిలోనే ఉన్నాయి. ఇంజినీర్లను రాష్ట్రాలు పంపిస్తాయి. ఏటా సీజన్ మొదట్లో డ్యాంలోకి ఎంత నీరు రావచ్చో అంచనా వేస్తారు, తర్వాత వచ్చినదాన్ని బట్టి సవరిస్తారు. కేటాయింపు 230 టీఎంసీలు. అందులో కర్ణాటకకు 151.49, మిగతా 78.51 ఎగువ కాలువ, దిగువ కాలువ, కేసీ కాలువ, రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) పేరున మనకు. పూడిక వల్ల డ్యాం సామర్థ్యం 133 టీఎంసీల నుంచి 105 దగ్గరికి పడింది, 230 దొరకని ఏళ్లే ఎక్కువ. అప్పుడు అదే నిష్పత్తిలో అందరికీ తగ్గిస్తారు. అనంతపురం రైతుకు తక్కువే వస్తుంది, కానీ ఎంత తక్కువ అన్నది ముందే తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా స్టాప్‌లాగ్ గేట్ల (పోయిన గేటు స్థానంలో తాత్కాలికంగా దించే పలకల) నిపుణుడు కన్నయ్య నాయుడు, ఇంజినీర్లు, కార్మికులు వారం రోజుల్లో నీళ్లను నిలబెట్టారు. ఆ వారంలో గేటు ఎవరి రాష్ట్రానిదన్న తగువు పనికి అడ్డు రాలేదు.

తుంగభద్ర బోర్డుకు కూడా గీత ఒకటి ఉంది. రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో, దాని కాలువ మీద ఆధారపడిన 87,500 ఎకరాలు పాలమూరులో. కాగితం మీద 15.9 టీఎంసీలు. పాడైన కాలువ ముందు కర్ణాటక పొలాల గుండా వస్తుంది, చివరికి చేరేది అందులో కొంతే. బోర్డు చెయ్యి ఆగినచోట న్యాయమూ ఆగిపోయింది.

కింది స్థాయి మాట చెప్పకుండా ఉండలేను. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టింది. కాలువ మీద రైతులకు అధికారం ఇవ్వడం దేశంలో చాలామంది చూడటానికి వచ్చిన ప్రయోగం. తర్వాత ఎన్నికలు వాయిదాలు పడ్డాయి, సంఘాలు చాలాచోట్ల కాంట్రాక్టు పనుల దగ్గరే ఆగిపోయాయి. కాలువల మీద తిరిగే లస్కర్ల పోస్టులు ఖాళీగా మిగిలాయి. సాగర్ కాలువ చివరి భూముల్లో నిలబడి చూస్తే, రాష్ట్రాల మధ్య గొడవ ఎలా ఉందో మేజరు కాలువకూ దాన్నుంచి చీలే మైనరు కాలువకూ మధ్య గొడవ అలాగే ఉంటుంది. వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు, పెట్టామని ప్రకటిస్తారు. ఎగువన రాత్రిపూట మోటార్లు నడుస్తాయి. చివరి రైతు తన వంతు రోజున ఎండిన కాలువ గట్టు మీద కూర్చుంటాడు.

దక్షిణాఫ్రికా కూడా మనలాగే వాన తక్కువ దేశం, నదులు చాలావరకు పక్క దేశాలతో కలిసి వాడుకునేవి. అక్కడ 1998 నీటి చట్టం ఒక వరస పెట్టింది. మనుషుల కనీస అవసరాలకు, నది బతకడానికి కావలసిన నీటిని ముందు పక్కన పెడతారు. పొరుగు దేశాలకు ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సింది కూడా అలాగే పక్కన పెట్టాలి. మిగిలినదానికే లైసెన్సులు. అమలులో వాళ్లకూ ఇబ్బందులున్నాయి, అనుకున్నన్ని పరీవాహక సంస్థలు అనుకున్న కాలంలో ఏర్పడలేదు. కానీ ఆ వరస మనకు పనికొస్తుంది. ఎందుకంటే మన దగ్గర తాగునీళ్ల మాట ఎప్పుడూ చివర్లో, డ్యాములు అడుగంటాక, టెన్షన్ పడుతూ మాట్లాడుకుంటాం. 2023 నవంబర్‌లో సాగర్ మీద ఆంధ్రప్రదేశ్ చెప్పిన కారణమూ తాగునీరే.

2023 అక్టోబర్‌లో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని కూడా అప్పగించింది. వాదనలు ఆ తర్వాతా సాగుతూ వచ్చాయి. 2025 జూలైలో ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని నీళ్లు తీసుకునే చోట్ల ఎంత పారుతోందో ఎప్పటికప్పుడు కొలిచి పంపే టెలిమెట్రీ పరికరాలు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. చెరువు దగ్గర నీళ్లు అందరి కళ్లకూ కనిపిస్తాయి, కృష్ణలో ఇన్నాళ్లూ ఎవరెంత తీసుకున్నారో చెప్పే అంకెనే ఇంకొకరు నమ్మలేదు.

ట్రిబ్యునల్ తీర్పు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. ఆ రోజుకే బోర్డు ఒక కాగితం బయటపెట్టాలి. ఆగస్టు 15 నాటికి శ్రీశైలం, సాగర్ రెండింట్లో కలిపి వాడుకోగల నీరు 300 టీఎంసీలుంటే ఎవరికెంత, 200 ఉంటే ఎవరికెంత, 100 మాత్రమే ఉంటే ఏ కాలువకు ఆరుతడి, ఏ కాలువకు తాగునీళ్లు మాత్రమే, హైదరాబాద్‌కు ఎంత, చెన్నైకి ఎంత, ఏ మట్టం కింద కరెంటు ఆపాలి, మే నెలాఖరుకు ఎంత మిగలాలి. రెండు రాష్ట్రాలూ దాని మీద సంతకం పెట్టాలి, తెలుగులో అచ్చువేసి ప్రతి నీటి సంఘం గోడకు అంటించాలి. జూలైలో వరి నారు పోయాలా, కంది వేయాలా అని ఆలోచించే రైతుకు పేపర్లో ఆ చిన్న పెట్టె పక్కన ఈ కాగితం కూడా ఉండాలి.